పులి-మేక ఆటలో పక్షాల బలాబలాలు

పులి-మేక ఆట తెలుగు గ్రామాలలో తరతరాలుగా ఆడుతున్న ఒక ఎత్తుగడల ఆట. దీనిని పులి జూదం, మేకపులి అని కూడా అంటారు. పేరులో జూదం ఉన్నప్పటికీ ఈ ఆటలో పాచికలు, గవ్వలు వాడరు. అదృష్టానికి ఇందులో తావు లేదు. ఇద్దరు ఆటగాళ్ళలో ఒకరు మూడు పులులను, మరొకరు పదిహేను మేకలను నడుపుతారు. రెండు పక్షాల సంఖ్య వేరు, శక్తి వేరు, లక్ష్యం కూడా వేరు. చదరంగంలో రెండు పక్షాలకూ ఒకే రకమైన బలగం ఉంటుంది కాబట్టి అక్కడ ఎవరి బలం ఎక్కువ అన్న ప్రశ్న ఆట మొదట్లో రాదు. పులి-మేక ఆటలో మాత్రం మొదటి రాయి పెట్టకముందే ఆ ప్రశ్న పుడుతుంది. ఈ రెండు పక్షాలలో ఏది బలమైనది, ఆ బలాన్ని ఎలా కొలవాలి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతీయ నేపథ్యం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలను కలిపి వాడుకలో పశ్చిమ ప్రకాశం అంటారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు వీటిని అందులో చేర్చారు. ఆ జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఈ ప్రాంతానికి పడమటి హద్దుగా నల్లమల కొండలు ఉన్నాయి. వర్షపాతం తక్కువైన మెట్ట ప్రాంతం కావడం వల్ల ఇక్కడి పల్లెలలో వ్యవసాయంతో పాటు మేకల, గొర్రెల పెంపకం ముఖ్యమైన జీవనాధారం.

నల్లమల అడవి పులులకు నిలయం. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యాన్ని 1983లో పులుల సంరక్షణ పథకంలోకి తీసుకున్నారు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఉత్తరాన తెలంగాణలో ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. అడవి అంచున మేకలు కాచే వారికి పులి, చిరుత అనేవి కథలలోని జంతువులు కావు. అందువల్ల పులిని, మేకను ఎదురెదురుగా నిలిపే ఈ ఆట ఇక్కడి జీవితానికి దగ్గరగా ఉంటుంది.

మార్కాపురానికి పలకల పరిశ్రమ వల్ల కూడా పేరు ఉంది. ఇక్కడి నేలలో దొరికే పలకరాయితో తయారైన రాతపలకలపై ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. ఈ ఆటకు కావలసిన పటాన్ని పలకపై బలపంతో గీసుకోవచ్చు, అరుగు బండపై సుద్దముక్కతో గీసుకోవచ్చు, మట్టి నేలపై పుల్లతో కూడా గీసుకోవచ్చు. పులులకు పెద్ద గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు ఉంటే చాలు.

ఆట పటం

పటంలో 23 కూడళ్ళు ఉంటాయి. వాటిని ఈ విధంగా గుర్తు పెట్టుకోవచ్చు.

* పైన ఒక శిఖరం ఉంటుంది. ఇది 1 కూడలి.
* శిఖరం నుండి నాలుగు ఏటవాలు గీతలు కిందికి దిగి అడుగు గీతను తాకుతాయి. అడుగు గీతపై 4 కూడళ్ళు ఉంటాయి.
* శిఖరానికి, అడుగు గీతకు మధ్య మూడు అడ్డగీతలు ఉంటాయి. ఒక్కొక్క అడ్డగీత నాలుగు ఏటవాలు గీతలను ఖండించి, రెండు వైపులా బయటికి పొడుచుకు వస్తుంది. కాబట్టి ప్రతి అడ్డగీతపై లోపల 4, అంచులలో 2, మొత్తం 6 కూడళ్ళు ఉంటాయి. మూడు గీతలకు కలిపి 18 కూడళ్ళు.
* ఎడమ అంచున ఉన్న మూడు కూడళ్ళను ఒక నిలువు గీత, కుడి అంచున ఉన్న మూడింటిని మరొక నిలువు గీత కలుపుతాయి.

ఈ లెక్కన మొత్తం 1 + 18 + 4 = 23 కూడళ్ళు అవుతాయి.

ఆట నియమాలు

పటంపై మొదట పులులు మాత్రమే ఉంటాయి. సాధారణంగా ఒక పులిని శిఖరం మీద, మిగిలిన రెండింటిని దాని కింది అడ్డగీత మీద నిలుపుతారు. కొన్ని ఊళ్ళలో పులులను కూడా మేకలతో పాటు ఒక్కొక్కటిగా పెట్టే పద్ధతి ఉంది. మేకల ఆటగాడు తన వంతు వచ్చినపుడల్లా ఒక మేకను ఏదైనా ఖాళీ కూడలిలో పెడతాడు. పదిహేను మేకలూ పటం మీదికి వచ్చేవరకు ఏ మేకా కదలకూడదు. ఆ తరువాత మేక కూడా గీత వెంబడి పక్కనున్న ఖాళీ కూడలికి జరుగవచ్చు.

పులి తన వంతులో గీత వెంబడి పక్క కూడలికి జరుగవచ్చు, లేదా పక్కనున్న మేక మీదుగా దూకి దానిని చంపవచ్చు. దూకడానికి మూడు షరతులు ఉన్నాయి.

# మేక పులికి ఆనుకొని ఉన్న కూడలిలో ఉండాలి.
# పులి, మేక, దూకి దిగవలసిన కూడలి ఒకే సరళరేఖ మీద ఉండాలి.
# దిగవలసిన కూడలి ఖాళీగా ఉండాలి.

పులి మరొక పులి మీదుగా దూకరాదు. మేక దేనినీ చంపలేదు. మూడు పులులకూ కదలడానికి గాని, దూకడానికి గాని దారి లేకుండా కట్టివేస్తే మేకల పక్షం గెలుస్తుంది. ఇక పులులను కట్టివేయడం సాధ్యం కాదన్నంతగా మేకలు తగ్గిపోతే పులుల పక్షం గెలుస్తుంది. ఎన్ని మేకలు చస్తే పులులు గెలిచినట్లు అన్న విషయంలో ఊరికో లెక్క ఉంటుంది కాబట్టి ఆట మొదలుపెట్టే ముందే దానిని తేల్చుకోవాలి.

పైకి కనిపించే బలం

ఈ ఆటను మొదటిసారి చూసిన వారికి పులుల పక్షమే బలమైనదిగా తోస్తుంది. పులి చంపగలదు, మేక చంపలేదు. పులి మొదటి వంతు నుండే కదలగలదు, మేక పదిహేను వంతులు ఆగాలి. చచ్చిన మేక తిరిగి రాదు, పులికి చావు లేదు. కొత్తగా నేర్చుకున్నవారు ఆడే ఆటలలో పులులు సులభంగా గెలవడం వల్ల ఈ అభిప్రాయం మరింత బలపడుతుంది.

అయితే ఇది పక్షాల శక్తులను విడివిడిగా పోల్చడం వల్ల వచ్చే అభిప్రాయం. ఒక పులిని ఒక మేకతో పోలిస్తే పులి బలమైనదన్న మాట నిజమే. కానీ ఆటలో తలపడేది మూడు పులుల కూటమి, పదిహేను మేకల కూటమి. వాటి బలం పటం మీది స్థానాన్ని బట్టి, ఖాళీ కూడళ్ళ సంఖ్యను బట్టి, ఎవరి వంతు అన్నదానిని బట్టి మారుతూ ఉంటుంది. కింది కొలతలు ఆ బలాన్ని లెక్కించడానికి ఉపయోగపడతాయి.

మొదటి కొలత: చావు లేని కూడళ్ళు

పులి దూకడానికి మేకకు రెండు వైపులా ఒకే సరళరేఖ సాగాలి. గీత చివరన ఉన్న కూడలికి అవతల మరొక కూడలి ఉండదు కాబట్టి అక్కడ ఉన్న మేక మీదుగా దూకడం కుదరదు. ఈ విధంగా పరిశీలిస్తే పటంలో ఏడు కూడళ్ళలో మేకకు ఎన్నటికీ చావు లేదు. అవి శిఖరం, మొదటి అడ్డగీత రెండు అంచులు, మూడవ అడ్డగీత రెండు అంచులు, అడుగు గీత రెండు కొనలు.

రెండవ అడ్డగీత అంచులు ఈ జాబితాలోకి రావు. అవి నిలువు గీతకు నడుమ ఉండటం వల్ల పై అంచు నుండి కింది అంచుకు పులి దూకవచ్చు. అలాగే అడుగు గీత మీది నడిమి కూడళ్ళు కూడా క్షేమం కాదు.

రెండవ కొలత: తోడు

ఒక గీత మీద మేకకు ఒక పక్కన మరొక మేక ఉంటే ఆ గీత వెంబడి దానికి ప్రమాదం లేదు. ఎందుకంటే దూకడానికి ఒక పక్కన పులి, రెండవ పక్కన ఖాళీ ఉండాలి. ఒక పక్కను మేక ఆక్రమించినపుడు ఈ రెండూ కలిసిరావు. లోపలి పన్నెండు కూడళ్ళలో ప్రతి ఒక్కటీ రెండు గీతలు కలిసే చోటు. కాబట్టి అక్కడి మేకకు రెండు తోడులు కావాలి, అడ్డగీత మీద ఒకటి, ఏటవాలు గీత మీద ఒకటి.

ఈ ఒక్క సూత్రం నుండి మేకల పక్షం ఎలా ఆడాలో తెలుస్తుంది. ముందుగా చావు లేని అంచులను నింపాలి. అడుగు గీత కొనలలో మేకలు నిలిచిన తరువాత వాటి పక్కనున్న నడిమి కూడళ్ళు కూడా క్షేమమవుతాయి. మొదటి, మూడవ అడ్డగీతల అంచులు నిండితే వాటి నడుమనున్న రెండవ అడ్డగీత అంచులు క్షేమమవుతాయి. అంటే ఏడు చావు లేని కూడళ్ళు పదకొండు అవుతాయి. మూడవ అడ్డగీత మీది మొదటి లోపలి కూడలిని చూస్తే దానికి పక్కన అంచు మేక, కింద అడుగు గీత మేక తోడుగా ఉన్నాయి. కాబట్టి అది కూడా క్షేమమే. ఈ విధంగా గోడ కట్టినట్లు అంచు నుండి లోపలికి వస్తే ప్రతి కొత్త మేకకూ పాత మేకలు కాపలాగా ఉంటాయి.

పులుల పక్షం చేయవలసినది ఈ గోడ పూర్తి కాకుండా చూడటం. శిఖరం మీద పులి కూర్చుని ఉంటే మేకలకు అక్కడ కాపలా దొరకదు. అప్పుడు మొదటి అడ్డగీత లోపలి కూడలిలో పెట్టిన మేక కింద, అంటే రెండవ అడ్డగీత మీద, ఖాళీ ఉన్నట్లయితే శిఖరం నుండి పులి దూకుతుంది. ఆ కింది కూడలిలో ముందే మేకను పెట్టి, తరువాత పై కూడలిలో పెడితే దూకుడు ఆగిపోతుంది. ఒకే రెండు మేకలు, ఒకే రెండు కూడళ్ళు అయినా పెట్టే వరుస మారితే ఫలితం మారుతుంది. మేకల ఆటలో అనుభవం తేలేది ఇక్కడే.

మూడవ కొలత: పులిని కట్టడానికి ఎన్ని అడ్డంకులు కావాలి

ఒక పులిని కట్టాలంటే అది జరుగగల ప్రతి పక్క కూడలీ, దూకి దిగగల ప్రతి కూడలీ నిండి ఉండాలి. ఒక్కొక్క చోట పులికి ఎన్ని కూడళ్ళు మూయాలో లెక్కిస్తే ఈ సంఖ్యలు వస్తాయి.

* మూడు అడ్డగీతల అంచులు, అడుగు గీత కొనలు (8 కూడళ్ళు): 4
* అడుగు గీత నడిమి కూడళ్ళు (2 కూడళ్ళు): 5
* మొదటి, మూడవ అడ్డగీతలలో అంచు పక్కనున్న లోపలి కూడళ్ళు (4 కూడళ్ళు): 6
* మొదటి, మూడవ అడ్డగీతల నడిమి కూడళ్ళు (4 కూడళ్ళు): 7
* రెండవ అడ్డగీతలో అంచు పక్కనున్న లోపలి కూడళ్ళు (2 కూడళ్ళు): 7
* శిఖరం, రెండవ అడ్డగీత నడిమి కూడళ్ళు (3 కూడళ్ళు): 8

అంటే నడుమనున్న పులి బలం అంచుకు చేరిన పులి బలానికి రెట్టింపు. పులి అదే, దాని శక్తి అదే, నిలిచిన చోటు మాత్రమే వేరు. మేకను చంపాలన్న ఆత్రంతో అంచుకు దూకిన పులి ఒక మేకను గెలుచుకున్నా తన బలంలో సగం పోగొట్టుకున్నట్లే. శిఖరం, రెండవ అడ్డగీత నడిమి కూడళ్ళు రెండూ పులులకు కంచుకోటల వంటివి. మేకల పక్షం ముందుగా వాటి చుట్టూ ఉన్న ఖాళీలను తగ్గించాలని చూస్తుంది.

నాలుగవ కొలత: పులికి పులి అడ్డం

పులులు ఒకదానిమీదుగా ఒకటి దూకలేవు కాబట్టి పులి పక్కన పులి ఉండటం మేకలకు లాభం. దీనికి రెండు ఉదాహరణలు చూడవచ్చు.

మూడు పులులు అత్యంత బలమైన మూడు కూడళ్ళలో, అంటే శిఖరంలోను, రెండవ అడ్డగీత నడిమి కూడళ్ళు రెండింటిలోను ఉన్నాయి అనుకుందాం. విడివిడిగా లెక్కిస్తే 8 చొప్పున 24 అడ్డంకులు కావాలి. అన్ని మేకలు అసలు లేనే లేవు. కానీ ఒక పులికి అడ్డమైన మేకే మరొక పులికి కూడా అడ్డమవుతుంది, ఒక పులి మరొక పులి దారిని మూస్తుంది. మొదటి అడ్డగీత లోపలి కూడళ్ళు నాలుగింటిలో, రెండవ అడ్డగీతలో మిగిలిన కూడళ్ళు నాలుగింటిలో, మూడవ అడ్డగీత నడిమి రెండింటిలో, అడుగు గీత నడిమి రెండింటిలో మేకలు ఉంటే చాలు. మొత్తం 12 మేకలతో మూడు పులులూ కట్టుబడతాయి.

రెండవ ఉదాహరణ ఇంకా విచిత్రమైనది. మూడు పులులు ఎడమ అంచున ఒకదాని కింద ఒకటిగా నిలిచాయి అనుకుందాం. అప్పుడు ప్రతి అడ్డగీత మీద పులి పక్కనున్న రెండు కూడళ్ళలో రెండు మేకలు నిలిస్తే సరిపోతుంది. అంటే కేవలం 6 మేకలతో ఆట ముగుస్తుంది. తొమ్మిది మేకలు చచ్చిన తరువాత కూడా, పులుల ఆటగాడు ఏమరుపాటుగా ఉంటే, మేకల పక్షానికి గెలుపు అసాధ్యం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఐదవ కొలత: ఖాళీలు, వంతులు

పటం మీది ఖాళీ కూడళ్ళ సంఖ్య 20 నుండి మేకల సంఖ్యను తీసివేస్తే వస్తుంది. పదిహేను మేకలూ బతికి ఉంటే మిగిలే ఖాళీలు 5 మాత్రమే. పది మేకలు మిగిలితే ఖాళీలు 10. ఖాళీలు పులికి ప్రాణం వంటివి. ఒక మేక చస్తే మేకల పక్షం ఒక కాపలాను కోల్పోవడమే కాక, పులికి దిగడానికి ఒక కొత్త చోటు ఏర్పడుతుంది. అందువల్ల మొదటి మేకను చంపడం కష్టం, తరువాతి మేకలను చంపడం క్రమంగా తేలిక.

దీనికి ఎదురుగా పనిచేసేది కాలం. మేకలను పెట్టే దశలో ప్రతి వంతుకూ పటం మీద ఒక మేక పెరుగుతుంది. పులులకు ఆ పదిహేను వంతులే మంచి కాలం. ఆ లోగా రెండు మూడు మేకలను చంపలేని పులుల పక్షం తరువాత ఇరుకున పడుతుంది. అయితే మేకలన్నీ పెట్టడం పూర్తయిన తరువాత మేకల పక్షానికి కూడా ఒక చిక్కు వస్తుంది. తన వంతులో ఏదో ఒక మేకను తప్పనిసరిగా కదపాలి. కదిలిన మేక తన పక్కనున్న మేకకు తోడు లేకుండా చేస్తుంది. గట్టిగా కట్టుకున్న గోడలోని ఇటుకను తానే లాగవలసి వస్తుంది. కాబట్టి తెలివైన ఆటగాడు కదిపినా నష్టం లేని ఒకటి రెండు మేకలను ముందుగానే అట్టిపెట్టుకుంటాడు. కదలవలసిన అవసరం పులులకు కూడా ఉన్నందున, ఎవరి దగ్గర నష్టం లేని ఎత్తులు ముందుగా అయిపోతాయో వారే చిక్కుల్లో పడతారు.

ఆటగాడి నేర్పును బట్టి మారే బలం

పులుల పక్షం ఆడటం తేలిక, మేకల పక్షం ఆడటం కష్టం. పులిని తప్పుగా జరిపితే తరువాతి వంతులో వెనుకకు తేవచ్చు. మేకను తప్పుగా పెడితే అది చస్తుంది, ఆ తప్పును దిద్దుకునే వీలు లేదు. అందువల్ల ఇద్దరూ కొత్తవారైతే పులుల పక్షానికి మొగ్గు ఉంటుంది. పైన చెప్పిన కొలతలను గుర్తెరిగి ఆడేవారి మధ్య ఆ మొగ్గు తగ్గిపోతుంది. ఒక పక్షం బలమైనదా, బలహీనమైనదా అని అడిగినపుడు ఎవరి చేతిలో అన్న ప్రశ్న కూడా వేయాలి.

ఆటగాడి నేర్పును, పక్షం బలాన్ని వేరు చేసి చూడటానికి తేలికైన మార్గం పక్షాలు మార్చుకొని ఆడటం. మొదటి ఆటలో మేకలు నడిపినవారు రెండవ ఆటలో పులులను నడుపుతారు. ఇద్దరిలో ఎవరు ఆడినా పులులే గెలుస్తుంటే అది పక్షం బలం. ఏ పక్షం ఆడినా ఒకరే గెలుస్తుంటే అది ఆటగాడి బలం. ఒకటి రెండు ఆటల ఫలితం చూసి నిర్ణయానికి రాకూడదు.

గణక యంత్రాలతో పరిశీలన

ఇటువంటి ఆటలలో అసలైన బలం తెలియాలంటే రెండు పక్షాలూ ఏ తప్పూ చేయకుండా ఆడితే ఏమవుతుందో చూడాలి. మనుషులకు ఇది అసాధ్యం. పులి-మేక ఆటకు దగ్గరి బంధువైన నేపాలీ ఆట బాఘ్ చాల్ విషయంలో ఈ పని గణక యంత్రాల సాయంతో జరిగింది. బాఘ్ చాల్‌లో 25 కూడళ్ళ చదరపు పటం మీద 4 పులులు, 20 మేకలు ఉంటాయి. ఐదు మేకలు చస్తే పులులు గెలుస్తాయి. యూ జిన్ లిమ్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు మేకలు కదిలే దశలో రాగల 8.8 కోట్లకు పైగా స్థితులను చివరి నుండి వెనుకకు లెక్కించి, తరువాత మేకలు పెట్టే దశను కూడా శోధించారు. 2009లో ప్రచురితమైన వారి ఫలితం ప్రకారం రెండు పక్షాలూ తప్పు చేయకుండా ఆడితే ఆ ఆటలో గెలుపోటములు ఉండవు, సరిసమానంగా ముగుస్తుంది.

ఈ ఫలితాన్ని మూడు పులులు, పదిహేను మేకల ఆటకు నేరుగా అన్వయించరాదు. రెండింటి పటాలు, సంఖ్యలు వేరు. కానీ చంపగల శక్తి ఉన్న పక్షమే ఎప్పుడూ బలమైనది అన్న ఊహ సరికాదని మాత్రం ఇది నిరూపిస్తుంది.

ఇతర ఆటలతో పోలిక

తక్కువ సంఖ్యలో ఉన్న బలవంతులకు, ఎక్కువ సంఖ్యలో ఉన్న బలహీనులకు మధ్య సాగే ఆటలు అనేక దేశాలలో ఉన్నాయి. తమిళనాడులో ఆడు పులి ఆట్టం, కర్ణాటకలో ఆడు హులి ఈ కోవకు చెందినవే. ఐరోపాలో ఆడే నక్క-బాతుల ఆటలో మొదట ఒక నక్క, 13 బాతులు ఉండేవి. తరువాతి కాలపు రూపాలలో బాతుల సంఖ్య 15, 17 వరకు పెరిగింది. ఒక పక్షం బలహీనమని తేలినపుడు దాని సంఖ్యను పెంచి సరిచేయడం అన్నది చాలా పాత పద్ధతి అని దీనివల్ల తెలుస్తుంది. హెచ్.జె.ఆర్. ముర్రే 1952లో ప్రచురించిన ఆటల చరిత్ర గ్రంథంలో ఇటువంటి ఆటలను వేటాట ఆటలుగా ఒక ప్రత్యేక వర్గంలో చేర్చాడు.

నేటి వీడియో ఆటలలో కూడా ఇదే సమస్య ఎదురవుతుంది. 1998లో విడుదలైన స్టార్‌క్రాఫ్ట్ ఆటలో మూడు జాతులు ఉంటాయి, మూడింటి శక్తులూ వేరు. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆటలో మొదట 13 నాగరికతలు ఉండేవి. 2022లో దానికి చేర్చిన భారతీయ రాజవంశాల భాగంలో ద్రావిడులు, బెంగాలీలు, ఘూర్జరులు అనే పక్షాలు వచ్చాయి. ద్రావిడ పక్షానికి నౌకాబలం, పదాతిదళం బలం కాగా అశ్వదళం బలహీనం. నీరు ఉన్న పటం మీద ఆ పక్షం బలమైనదిగాను, విశాలమైన మైదానంలో బలహీనమైనదిగాను కనిపించడానికి కారణం ఇదే. ఏనుగు దళాలు చూడటానికి భీకరంగా ఉన్నా వాటి ఖర్చు ఎక్కువ, వేగం తక్కువ. చవకైన ఈటెల దళాలు గుంపుగా ఎదురైతే అవి కూలిపోతాయి. పులి-మేక పటం మీద అంచుకు చేరిన పులిని నాలుగు మేకలు కట్టివేయడం కూడా ఇటువంటిదే. వీడియో ఆటలను తయారుచేసేవారు లక్షలాది ఆటల ఫలితాలను చూసి శక్తులను సవరిస్తూ ఉంటారు. పులి-మేక ఆటలో ఆ సవరణను ఆడేవారే పులుల స్థానం, మేకల సంఖ్య, గెలుపు లెక్కలను మార్చుకొని చేసుకుంటారు.

అంచనాలో జరిగే పొరపాట్లు

* ఒకే శక్తిని చూసి పక్షం మొత్తాన్ని అంచనా వేయడం. దూకే శక్తి గొప్పదే అయినా దిగడానికి చోటు లేని దూకుడు వల్ల ప్రయోజనం లేదు.
* చచ్చిన మేకలను మాత్రమే లెక్కించడం. మూడు మేకలు పోయినా మిగిలిన పన్నెండు మూడు పులులను కట్టడానికి సరిపోవచ్చు.
* పులులను విడివిడిగా చూడటం. కలిసి నిలిచిన పులులు ఒకదానికొకటి అడ్డు.
* ఆట ఏ దశలో ఉన్నదో మరచిపోవడం. ఐదవ వంతులో బలమైన పక్షం పదిహేనవ వంతులో బలమైనది కాకపోవచ్చు.
* తాను ఓడిపోయిన పక్షమే బలహీనమైనదని తేల్చడం.

విశేషాలు

* నిజమైన అడవిలో పెద్దపులి సాధారణంగా ఒంటరిగా వేటాడుతుంది. మేకలు మందగా తిరుగుతాయి. ఆటలో కూడా పులులు విడివిడిగాను, మేకలు కలిసికట్టుగాను ఉన్నపుడే బలంగా ఉంటాయి.
* దక్షిణ భారతదేశంలోని పలు ఆలయ మండపాల రాతి నేలల మీద ఈ ఆట పటాలు చెక్కి ఉన్నాయి. హంపి శిథిలాలలో కూడా ఇటువంటివి కనిపిస్తాయి. కట్టడం పాతదైనంత మాత్రాన పటం కూడా అంత పాతదని చెప్పలేము. విశ్రాంతి కోసం కూర్చున్నవారు తరువాతి కాలంలో చెక్కి ఉండవచ్చు.
* 2023లో ఈ ఆట పేరుతో పులి మేక అనే తెలుగు వెబ్ ధారావాహిక వచ్చింది.

ప్రస్తుత స్థితి

కాగితపు పుస్తకాల వాడుక పెరగడంతో బడులలో రాతపలకల వాడుక తగ్గిపోయింది. అరుగులున్న ఇళ్ళు కూడా తగ్గాయి. పులి-మేక ఆట ఇప్పుడు చరవాణులలో ఆడుకునే రూపంలో కూడా లభిస్తున్నది. అందులో ఎదుటి పక్షాన్ని యంత్రమే నడుపుతుంది కాబట్టి ఒంటరిగా కూడా ఆడవచ్చు. అయితే పక్షాలు మార్చుకొని ఆడటం, గెలుపు లెక్కను ముందుగా మాట్లాడుకోవడం, తప్పు ఎక్కడ జరిగిందో ఆట ముగిసిన తరువాత వాదించుకోవడం ఎదురెదురుగా కూర్చున్నపుడే వీలవుతాయి. ఈ ఆట పటానికి ఖర్చు లేదు. 23 కూడళ్ళను గీయడం, 18 గింజలను ఏరుకోవడం తెలిస్తే చాలు.

ఇవి కూడా చూడండి

* దాడి ఆట
* వామనగుంటలు
* అష్టాచెమ్మా
* చదరంగం
* మార్కాపురం
* నల్లమల అడవులు